కొత్త ఆటగాళ్లకు సమ ఉజ్జీ దొరకాలి

సంపాదకులకు,

ఆన్‌లైన్ ఆటల్లో చేరిన కొత్తవాళ్లు నాలుగు రోజులకే మానేస్తే ఓపిక లేదంటారు. చాలాసార్లు లోపం జోడీ కుదిర్చే పద్ధతిలోనే ఉంటుంది. చదరంగంలో అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970 నుంచి వాడుతున్న ఎలో లెక్క ఆటగాడి బలాన్ని ఒక అంకెలో (రేటింగ్) చెబుతుంది. దాని ప్రకారం, ఇద్దరి మధ్య 400 పాయింట్ల తేడా ఉంటే, డ్రాలు లేవనుకుంటే, బలహీనుడు సగటున పదకొండు ఆటల్లో దాదాపు పది ఓడతాడు. అలాంటి ఓటములతో ఆట రాదు, విసుగొస్తుంది.

రేటింగ్ ఇచ్చేది ఖాతాకు, మనిషికి కాదు. ఆరితేరినవాడు కొత్త ఖాతా తెరిచి పసివాళ్ల మీద పడటాన్నే స్మర్ఫింగ్ అంటున్నాం. డోటా 2 అనే జట్టు ఆటలో ఇలాంటి 90,000 ఖాతాలను దాని తయారీ సంస్థ వాల్వ్ 2023లో నిషేధించింది. ఫోన్ నంబరు అడగడం, ర్యాంకు మ్యాచ్‌లకు ముందు కొన్ని గంటల ఆట తప్పనిసరి చేయడం కొంత అడ్డుకట్టే. అంతకంటే మేలైనది గ్లికో తరహా లెక్క, అంటే రేటింగ్‌తో పాటు దాని మీద ఎంత నమ్మకముందో కూడా చూసేది. ఆ లెక్కే వాడే లిచెస్ అనే చదరంగం సైట్‌లో కొత్త ఖాతా 1500 దగ్గర, పక్కన ప్రశ్నార్థకంతో మొదలవుతుంది. ఆ అంకె మీద ఇంకా నమ్మకం కుదరలేదు కాబట్టి తొలి ఆటల్లో రేటింగ్ పెద్ద పెద్ద అంగలతో మారుతుంది. ముసుగు వేసుకున్న నిపుణుడు త్వరగానే పైకి వెళ్లిపోతాడు. అయితే నిజంగా ఓనమాలు దిద్దేవాడికి 1500 చాలా ఎక్కువ. కిందికి దిగేలోపు వరుసగా దెబ్బలు తింటాడు. ఖాతా తెరిచేటప్పుడే అనుభవం అడిగి, ఆరంభ అంకె తగ్గించాలి.

నలుగురు జట్టుగా ఆడే స్క్వాడ్‌లో ఇంకో చిక్కుంది. 2000 రేటింగున్న ఒకడు, 1000 ఉన్న ముగ్గురు కలిస్తే సగటు 1250. ఆ సగటుతో లాబీ (ఒక మ్యాచ్‌లో ఆడేవాళ్ల గుంపు) కుదిర్చితే మొదటివాడికి ఎదురే ఉండదు, మిగతా ముగ్గురూ నిలవలేరు. జట్టులో అందరికంటే పైనున్నవాడికి ఎక్కువ బరువివ్వాలి. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటి తుపాకీ ఆటల్లో సీజన్ మారగానే పాతవాళ్ల టియర్, అంటే ర్యాంకు అంతస్తు, కిందికి దిగుతుంది. పైకి కనిపించే టియర్‌ను తగ్గించినా, జోడీ కుదిర్చే అంతర్గత రేటింగును మాత్రం ముట్టుకోకూడదు.

పాతవాళ్ల తుపాకీ దెబ్బ తగ్గించి సమం చేద్దామనేవాళ్లతో మేం ఏకీభవించం. ఏళ్లపాటు సాధన చేసి సంపాదించిన నైపుణ్యానికి అది అన్యాయం. సరిచేయాల్సింది ఎవరితో ఎవరు ఆడాలన్నదే.

మన కాలేజీ ఫెస్టుల నిర్వాహకులకూ ఒక విన్నపం. చీటీలు తీసి జట్లను కలపకండి. ప్రతి సభ్యుడి గత రెండు సీజన్ల టియర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, జట్టులో అత్యున్నత టియర్‌ను బట్టి విభాగాలు చేయండి. తొలి రౌండులో ఓడినవాళ్లను ఇంటికి పంపేయకుండా వాళ్లలో వాళ్లకు ఇంకో రెండు మ్యాచ్‌లు పెట్టండి. అందుకు అదనంగా ఓ గంటన్నర సమయం, ఆటలో సొంత మ్యాచ్ గది తెరిచే ఒక రూమ్ కార్డు ఉంటే చాలు.

– ఆన్‌లైన్ ఆటల అభిమానులు, హనుమకొండ