మగ్గం దిగిన నూలు: ప్రయోగ వస్తువుల ప్రదర్శనపై సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం డబ్బు, సమయం ఎక్కువగా తీసుకున్నది నల్లగొండలో పెట్టిన ప్రయోగ వస్తువుల ప్రదర్శనే. చీర, దుప్పటి తప్ప మన నూలు ఇంకేం కాగలదో చూపాలన్నది ఒక్కటే షరతు. చూడ్డానికి అన్నీ బాగున్నాయి. వాడకానికి నిలిచినవి తక్కువ.

జనం ఎక్కువసేపు ఆగింది పేక (అడ్డపోగు) లేని దీపం దగ్గర. చిటికి కట్టి (బొమ్మ వచ్చేలా పోగులను అక్కడక్కడా బిగించి కట్టి) చిలకల బొమ్మ వచ్చేలా రంగులద్దిన పోచంపల్లి పట్టు పడుగును (నిలువు పోగులను) రెండు ఇనుప రింగుల మధ్య లాగి కట్టారు, నేత అసలు లేదు. లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. మూడో రోజుకల్లా పోగులు రింగు మీద పక్కకు జారి, చిలకల ముక్కులు చెదిరిపోయాయి. బట్టలోనైతే ప్రతి పోగునూ పేక పట్టి ఉంచుతుంది, ఇక్కడ ఆ పని చేసేదేదీ లేదు. రింగులు తీసేసి నలుచదరపు చట్రం పెట్టి, పైనా కిందా పాత పన్నె (మగ్గంలో పోగులను విడివిడిగా ఉంచే దువ్వెన) ముక్కలు బిగించి, సందుకు రెండు పోగులు దూర్చాక బొమ్మ కదల్లేదు. బిగువు మాత్రం అంతటా ఒకేలా ఉండాలి. వదులుగా ఉన్న ఒక్క పోగు చాలు, పక్కవాటినీ లాగుతుంది.

గద్వాల పద్ధతిలో నేసిన స్టూలు సీటు కుప్పడం (ఒళ్లూ అంచూ కలిసే అతుకు) దగ్గరే విచ్చుకుంది. నూలు ఒంటికీ పట్టు అంచుకూ కలిపేది అక్కడ పేక మెలిక ఒక్కటే. కట్టుకునే చీరకు అది చాలు, కూర్చునే మనిషి బరువుకు చాలదు. ఇకమీదట బరువు మోయడానికి అడుగున నాలుగు నవారు పట్టీలు అల్లి, నేతను పైన పరవాలి.

తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే చిటికి గుడ్డ) పలకలతో వేరే తంటా. ఆముదం కాయల బూడిద, నూనెలో నానిన నూలు కదా, తెల్ల రంగేసిన ప్లైవుడ్‌కు జిడ్డు మరక దిగింది, దుమ్ము కూడా అంటుకుంది. వెనక గాజు పలక పెట్టాల్సింది.

బట్టల రంగు వెలవకుండా వాటి మీద వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటకుండా చూశాం. కిటికీ ఎదుట పెట్టిన ఒక్క పలక మీద మాత్రం పొద్దుటి ఎండ పడి, ఎరుపు వెలిసింది. తెర వేయాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. "ముట్టుకోవద్దు" అన్న బోర్డును ఎవరూ లెక్కచేయలేదు. మగ్గం పని తెలిసినవాళ్ల వేళ్లు బట్టను చూస్తే ఊరుకోవు మరి. చివరికి ప్రతి వస్తువు పక్కనా జానెడు నమూనా గుడ్డ వేలాడదీశాం.

పాత ఆసు చట్రంతో (చిటికి కట్టే ముందు పోగులను చేత్తో చుట్టే చట్రం) చేసిన గోడ కొక్కేలకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ పని చేసిపెట్టే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక అటకెక్కిన చట్రాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, ఇవ్వదలచినవారు చెప్పండి.

నేయని నూలు వస్తువులకు భౌగోళిక గుర్తింపు ముద్ర వేయకూడదని కమిటీ తీర్మానించింది. జమా ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వస్తువులు ఇంకా సంఘం గదిలోనే ఉన్నాయి. తీసుకెళ్లేవారు ప్లాస్టిక్ కవర్లు తేవద్దు, చెమ్మ పడుతుంది. ఉతికిన పాత ధోవతిలో చుట్టండి. వేపాకు వేయాలంటే విడిగా మూట కట్టి వేయండి, పట్టుకు నేరుగా తగిలితే మరక పడుతుంది.