సీసం గుండ్ల సంగతి

రాజమహేంద్రవరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. భద్రాచలానికి బదిలీ అయి ఆరు నెలలైనా కాకముందే గాలం పట్టుకొని గోదావరి ఒడ్డున కూర్చున్నావని చదివి సంతోషించాను. అలా కూర్చున్న నాలుగు ఆదివారాలలోనే, గాలాన్ని నీటి అడుగుకు దించడానికి దారానికి కట్టే సీసం గుండ్లు తొమ్మిదింటిని రాళ్లకు సమర్పించుకున్నావని చదివి, క్షమించు, నవ్వుకున్నాను. ఆ నది నీ దగ్గర నుంచి మా ఊరికే వస్తుంది గానీ, నీ గుండ్లు మాత్రం ఇంతవరకూ నాకు చేరలేదు.

ఎంత బరువు గుండు కట్టాలని అడిగావు. ఆ లెక్క నీటిని చూడకుండా చెప్పలేను. వేసవిలో నీరు నిదానంగా ఉన్నప్పుడు నాకు పది పదిహేను గ్రాములే సరిపోతాయి. అదే చోట వానాకాలం తొలినాళ్లలో ముప్పై నలభై గ్రాములు కట్టినా గుండు దొర్లుకుంటూ పోతుంది. నేను పాటించే పరీక్ష ఒక్కటే: వేసిన గుండు అడుగున ఆగాలి, కర్ర కొన కొద్దిగా ఎత్తి లాగితే మాత్రం కదలాలి. ఎంత లాగినా కదలని గుండు బరువు ఎక్కువ. దానివల్ల చేప ఎర అందుకొన్న సంగతి నీ వేలికి తెలియదు, పైగా రాళ్ల సందులో మరింత గట్టిగా కూరుకుంటుంది. నీ తొమ్మిది గుండ్లలో సగమైనా ఇలాగే పోయి ఉంటాయని నా అనుమానం. ప్రవాహం గుండును లాక్కుపోతున్నదనుకొని నువ్వు బరువు పెంచుతూ పోయి ఉంటావు, కాని నిజానికి లాగేది చాలావరకు తంగూసు. నీటి తోపుడంతా ఆ పొడవాటి దారం మీద పడుతుంది. అందువల్ల బరువు పెంచడానికి ముందు సన్నని తంగూసు వేసి చూడు. గుండును ఎదురుగా కాక కొంచెం ఎగువకు విసిరి, అది అడుగు తాకిన తరువాత రెండు మూడు బారల దారం అదనంగా వదులు. దారం నీటిలో విల్లులా వంగి నిలుస్తుంది, తేలికైన గుండు కూడా కదలకుండా ఆగుతుంది.

సీసమే ఎందుకు, గులకరాయి కడితే పోదా అని కూడా అడిగావు. రాయి కట్టవచ్చు, మన పెద్దలు కట్టారు. వలల అంచులకు కాల్చిన మట్టి గుళ్లు కట్టినవారూ ఉన్నారు. అయితే ముప్పై గ్రాముల సీసం నీటిలో మునిగిన తరువాత కూడా ఇరవై ఏడు గ్రాములకు పైగా తూగుతుంది. అదే ముప్పై గ్రాముల గులకరాయి పద్దెనిమిది పందొమ్మిది గ్రాములే తూగుతుంది. పైగా రాయి పరిమాణం సీసానికి నాలుగు రెట్లు ఉంటుంది కాబట్టి ప్రవాహానికి తోయడానికి అంత చోటు దొరుకుతుంది. ఇనుప నట్టు ఈ రెండింటికీ నడుమ ఉన్నా సీసానికే దగ్గర. రాళ్ల మధ్య పోగొట్టుకోక తప్పదనుకొన్న చోట నేను పాత నట్లే కడతాను.

ఇక తయారీ. రెండేళ్ల క్రితం ఇక్కడ మూతపడిన ఒక ముద్రణాలయం నుంచి నాలుగు కిలోల అచ్చు అక్షరాలు తూకానికి కొన్నాను. వాటిని మూకుడులో వేస్తుంటే గుడులు, కొమ్ములు, వత్తులు ఒకదానిమీద ఒకటి ఒరిగి కరిగిపోవడం చూసి కొంచెం దిగులు కలిగిన మాట నిజం. అచ్చు అక్షరాలలో సీసంతో పాటు యాంటిమొనీ, తగరం కలుస్తాయి కాబట్టి ఆ లోహం గట్టిగా ఉంటుంది. పెద్ద గుండ్లకు బాగుంటుంది గాని, దారానికి నొక్కిపెట్టే చిన్న చీలిక గుండ్లకు పనికిరాదు, నొక్కితే పగులుతుంది. వాటికి మెత్తని సీసపు రేకు కావాలి. పాత బ్యాటరీలను మాత్రం ఎవరు ఎంత చవకగా ఇచ్చినా పగలగొట్టకు. వాటిలో ఆమ్లం ఉంటుంది, ఊపిరిలోకి పోయే సీసపు పొడి ఉంటుంది.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కట్టెల పొయ్యి చాలు. అయితే పని ఆరుబయట, గాలి నీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చేయాలి. కరిగిన తరువాత ఇంకా ఇంకా మంట పెంచకు. వేడెక్కినకొద్దీ పొగ పెరుగుతుంది. పైన తేలిన తెట్టెను పాత గరిటెతో తీసి వేరే డబ్బాలో వెయ్యి. ఆ మూకుడు, ఆ గరిటె మళ్లీ వంటింటి గుమ్మం తొక్కకూడదు. మా ఇంట్లో వాటిని గొడ్ల చావడి అటక మీద పెట్టి, పిల్లలెవరూ ముట్టకూడదని శాసనం చేశాను.

అన్నింటికంటే ముఖ్యం తడి. మొదటిసారి నేను అక్షరాలకు అంటిన సిరా పోవాలని కడిగి, ఆరాయనుకొని, కరిగిన సీసంలో మరో గుప్పెడు వేశాను. ఎక్కడో ఒక సందున చుక్క నీరు మిగిలి ఉంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుందని బడిలో చదువుకొన్నది ఆ క్షణాన నా ముంజేతి మీద రుజువైంది. మచ్చ ఇప్పటికీ ఉంది. ఆనాటి నుంచి చల్లని ముక్కలను కరిగిన సీసంలో వేయను, మళ్లీ చల్లని మూకుడుతోనే మొదలుపెడతాను. అచ్చులను కూడా ముందుగా పొయ్యి పక్కన వేడిచేస్తాను. బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోను.

అచ్చులంటే పెద్ద ఏర్పాటేమీ కాదు, పాత స్టీలు చెంచాలు. టీ చెంచా నిండా పోస్తే దాదాపు యాభై ఏడు గ్రాములు, సగం పోస్తే ఇరవై ఐదు నుంచి ముప్పై దాకా వస్తుంది. ఒకవైపు చదునుగా, ఒకవైపు బోర్లించిన పడవలా వచ్చే ఈ గుండు ఇసుక మీద బాగా నిలుస్తుంది, గుండ్రనిదైతే దొర్లుతుంది. చల్లారాక పొడవునా బెజ్జం వేసి, అంచులను ఆకురాయితో నున్న చేసి, ఖాళీ బాల్‌పెన్ను రీఫిల్లును ముక్కగా కోసి ఆ బెజ్జంలో దూర్చు. సీసపు అంచు తంగూసును కోయకుండా ఆ గొట్టం కాపాడుతుంది.

కట్టడంలో రెండు పద్ధతులు నీకు చాలు. ఇసుక ఉన్న చోట తంగూసును గుండు బెజ్జంలోనుంచి పోనిచ్చి, ఒక పూస ఎక్కించి, స్వివెల్, అంటే దారం మెలిపడకుండా గిర్రున తిరిగే చిన్న లోహపు కొలికి, ముడివెయ్యి. ఆవలివైపు మూర పొడవు దారానికి గాలం కట్టు. ఎర్రమోసు గాని జెల్ల గాని ఎర అందుకొని కదిలితే దారం గుండులోనుంచి జారుతుంది, చేపకు బరువు తగలదు. రాళ్లున్న చోట గుండును ఆ పెద్ద తంగూసుకే నేరుగా కట్టకు. స్వివెల్ నుంచి జానెడు పలచని నాసిరకం దారం దించి దాని కొనకు గుండు కట్టు. అది ఇరుక్కుంటే ఆ పలచని దారమే తెగుతుంది. గుండు ఒక్కటే పోతుంది, గాలం, చేప నీతో వస్తాయి.

బెండు వేసి ఆడేటప్పుడు చీలిక గుండ్లను ఎక్కువ భాగం బెండుకూ గాలానికీ నడిమికి చేర్చి, ఒక చిన్నదాన్ని గాలానికి జానెడు ఎత్తున నొక్కు. బెండు కొన మాత్రమే నీటిపైన కనబడాలి. పళ్లతో నొక్కే అలవాటు నీకుందని నాకు తెలుసు; అది ఈ రోజే మానెయ్యి, పట్టకారు వాడు. సీసం ముట్టిన చేతితో ముడిని ఉమ్మితో తడపకు, నది నీరు చాలు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా బజ్జీల పొట్లం విప్పకు. ఇంగ్లండులో హంసలు నీటి అడుగున పడిన చిన్న గుండ్లను గులకరాళ్లతో పాటు మింగి చచ్చిపోతున్నాయని 1987 నుంచి ఇరవై ఎనిమిది గ్రాముల లోపు సీసం గుండ్లను దాదాపుగా నిషేధించారు. మన లంకల్లో తిరిగే బాతులూ అడుగున మేసేవే గదా. ఒడ్డున రాలిన చీలిక గుండ్లను ఏరి డబ్బాలో వేసుకొనే అలవాటు నాకు అది విన్న తరువాతే అయింది.

నీ దగ్గర నీటిమట్టం నలభై మూడు అడుగులు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఎంత సీసమూ ఆగదు, నువ్వూ ఒడ్డున ఉండకూడదు. అందాకా వాడుకోవడానికి ఈ ఉత్తరంతో పాటు పార్సిలులో ఎనిమిది చెంచా గుండ్లు, గుప్పెడు రీఫిల్లు ముక్కలు పంపుతున్నాను. కాగితంలో విడిగా చుట్టినది నీ పేరులోని మొదటి అక్షరం. దాన్ని కరిగించడానికి చేయి రాలేదు, బెజ్జం మాత్రం వేశాను. దాన్ని ఇసుక ఉన్న చోటే వెయ్యి.

నీ
గోదావరి గట్టు మిత్రుడు