నాటకం ఆడనివ్వండి, అభ్యంతరాన్ని కూడా అచ్చేయండి

సంపాదకులకు నమస్కారం.

నాటకాల మీద నిషేధాల గురించి మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. మనోభావాలు దెబ్బతింటే ఆపాల్సిందేనని కొందరు, కళ జోలికి ఎవరూ రాకూడదని కొందరు. 2014లో న్యూయార్క్‌లో ఇలాంటి గొడవే ఒకటి దగ్గర్నుంచి చూశాను కాబట్టి నా మాట కూడా రాస్తున్నాను.

1985 అక్టోబరులో ఈజిప్టు తీరానికి దగ్గర్లో అకిలే లౌరో అనే ఇటలీ విహారనౌకను నలుగురు పాలస్తీనా మిలిటెంట్లు హైజాక్ చేశారు. పెళ్లిరోజు సరదాగా గడుపుదామని భార్యతో ఓడెక్కిన లియాన్ క్లింగ్‌హాఫర్‌ని కాల్చి చంపారు. ఆయన అమెరికన్ యూదుడు, 69 ఏళ్లవాడు, చక్రాల కుర్చీ లేందే కదల్లేడు. ఆ కుర్చీతో సహా ఆయన్ని ఓడ సిబ్బంది చేతే సముద్రంలోకి తోయించారు. ఈ ఉదంతం మీద అమెరికా స్వరకర్త జాన్ ఆడమ్స్ సంగీతం, ఆలిస్ గుడ్‌మన్ మాటలతో వచ్చిన ఒపెరా, అంటే పాటల నాటకం, 'ది డెత్ ఆఫ్ క్లింగ్‌హాఫర్'. 1991లో బ్రస్సెల్స్‌లో మొదటిసారి ఆడారు. అప్పట్నుంచీ వివాదమే. హంతకుల చేత కూడా పాడించారనీ, మొదట్లోనే పాలస్తీనా నిర్వాసితుల బృందగానాన్నీ యూదు నిర్వాసితుల బృందగానాన్నీ పక్కపక్కన పెట్టి రెంటినీ ఒకే తూకం వేశారనీ ఆరోపణ.

2014లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) అనే సంస్థ దీన్ని ఎత్తుకుంది. హాల్లో ఆడటంతో పాటు ప్రపంచవ్యాప్తంగా సినిమా హాళ్లలో లైవ్ చూపించాలని ప్లాన్. జూన్‌లో, యూదు వ్యతిరేకత మీద పోరాడే ఏడీఎల్ అనే సంస్థతో చర్చలయ్యాక, సినిమా హాళ్ల ప్రసారం, రేడియో ప్రసారం రెండూ రద్దు చేశారు. ఒపెరాలో యూదు వ్యతిరేకత ఏమీ లేదని జనరల్ మేనేజర్ పీటర్ గెల్బ్ చెబుతూనే, యూరప్‌లో యూదు వ్యతిరేకత పెరుగుతోందని కారణం చూపించారు. తప్పు లేదంటే అందరికీ చూపించాలి. ఉందంటే హాల్లో మాత్రం ఎందుకు ఆడినట్టు? న్యూయార్క్‌లో టికెట్ కొనగలిగినవాడికి మంచి చెడ్డ తెలుస్తుంది, ఊరి సినిమా హాల్లో చూసేవాడికి తెలియదు అని చెప్పడమేగా ఇది!

అక్టోబరు 20న తొలి ప్రదర్శనకి నేను వెళ్లాను. మెట్ హాలు ఉన్న లింకన్ సెంటర్ ఎదురుగా రోడ్డుకి అవతల చక్రాల కుర్చీలు వరసలుగా పెట్టుకుని జనం కూర్చున్నారు. 'నేనే లియాన్ క్లింగ్‌హాఫర్' అని రాసిన అట్టలు పట్టుకున్నారు. మాజీ మేయర్ జూలియానీ కూడా ఆ నిరసనకి వచ్చాడు. లోపల ఆట మధ్యలో ఒకాయన లేచి ఈ హత్యని క్షమించేది లేదని అరిచాడు. నిజం చెప్పొద్దూ, కాసేపు టెన్షన్‌గానే ఉంది.

ఒపెరాలో కథంతా దాదాపు పాటలోనే నడుస్తుంది. ముందు సీటు వెనక చిన్న తెర మీద మాటలు వస్తుంటాయి, చదువుకోవడమే. నాకు సంగీతం కొన్నిచోట్ల సాగదీసినట్టు అనిపించింది, కెప్టెన్ పాటలు మరీనూ. కానీ చివరి ఘట్టం వేరు. భర్త చనిపోయాడని కెప్టెన్ చెప్పాక మారిలిన్ క్లింగ్‌హాఫర్ అతన్ని నిలదీస్తుంది. ఓదార్పు మాటలు దగ్గరికి కూడా రానివ్వదు. ఒపెరా మొత్తంలో ఆఖరి మాట ఆవిడదే. బయట కూర్చున్నవాళ్లలో ఈ ఘట్టం చూసినవాళ్లు ఎందరో!

అలాగని అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యలేం. క్లింగ్‌హాఫర్ కూతుళ్లు లీసా, ఇల్సా ఈ ఒపెరా తమ తండ్రి హత్యకి సమర్థన వెతుకుతోందని బాధపడ్డారు. ఆ కూతుళ్ల ప్రకటనని మెట్ తన ప్రోగ్రాం పుస్తకంలోనే అచ్చేసింది. మెట్ చేసిన మంచి పని ఇదొక్కటే. ఆట చూడబోయే ప్రతివాడి చేతిలో ఆటని తప్పుపట్టే కాగితం కూడా ఉంది. ఇదే ప్రకటన సినిమా హాళ్లలో ముందు వేసి, తర్వాత ఒపెరా చూపిస్తే సరిపోయేది.

మన 'చింతామణి' విషయంలో ఈ పాటి కూడా జరగలేదు. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఏకంగా నిషేధించింది, గొడవ హైకోర్టుకెక్కింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల బాధ ఉత్తిది కాదు. వేశ్యావ్యామోహాన్ని ఎండగట్టడానికి రాసిన నాటకంలోకి తిరునాళ్లలో ఈలల కోసం ఎన్ని బూతులు ఎక్కించారో చూసినవాళ్లందరికీ తెలుసు. నా చిన్నప్పుడు మా ఊళ్లో సుబ్బిశెట్టి సీను రాగానే ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేవారు. దానికి జీవో ఎందుకు? రాసిన పాఠానికి కట్టుబడి ఆడమని నాటక సమాజాలని అడగొచ్చు. తెర లేచేముందు అభ్యంతరం ఉన్నవాళ్లకి రెండు నిమిషాలు మైకు ఇవ్వొచ్చు, కరపత్రంలో వాళ్ల మాట వెయ్యొచ్చు. తర్వాత చూడాలో లేచి వెళ్లిపోవాలో ప్రేక్షకుడు తేల్చుకుంటాడు.

కత్తిరింపులు నాటక సమాజాల వాళ్లే చేసుకుంటే ఇంకా మేలు. 1991లో క్లింగ్‌హాఫర్ ఒపెరాని న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఆడాక, అందులో న్యూజెర్సీ యూదు కుటుంబం ఒకటి కబుర్లు చెప్పుకునే సీను మీద విమర్శలొస్తే, ఆడమ్స్ దాన్ని తనే తీసేశాడు. మిగతాది ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇట్లు,
తెనాలి వాడైన ఒక పాఠకుడు
ఎడిసన్, న్యూజెర్సీ