పల్లీ పట్టీ ప్యాకెట్ మళ్లీ మారింది

ఆరు నెలల్లో ప్యాకెట్ మార్చడం ఇది రెండోసారి. మొదటి మార్పులో తప్పు పూర్తిగా మాదే. ముందు దాని సంగతి చెప్తాను.

మొదట్లో పావుకిలో పట్టీ ఒకే పలకగా, పైన అట్టముక్క మడిచి స్టాప్లర్ పిన్ను కొట్టిన కవర్‌లో వచ్చేది, గుర్తుందా? ఇంటికి తీసుకెళ్లి డబ్బాలో వేసుకునేవాళ్లకు దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈమధ్య కొండలెక్కేవాళ్లు, దూరాలు సైకిల్ తొక్కేవాళ్లు మా దగ్గర ఎక్కువగా కొంటున్నారు. వాళ్లలో ఒకాయన రాత్రి టెంట్‌లో కవర్ విప్పితే పిన్ను ఎటు పడిందో కనబడలేదట. ఇక తినడానికి ధైర్యం చాలక పట్టీ మొత్తం పక్కన పెట్టేశారట. అది చదివాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అందుకే ఖాకీ కాగితం కవర్లకు మారాం. ఫొటోల్లో ఎంత బాగున్నాయో! వంటింటి అలమరలో పది రోజులు పెట్టి చూశాం, పట్టీ కరకరలాడుతూనే ఉంది. అయితే ఆ పది రోజులూ ఎండలే. వానలు మొదలయ్యాక పంపిన వాటి గతి వేరు. బెల్లానికి గాలిలో చెమ్మ దొరికితే చాలు, లాగేసుకుంటుంది. ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కాగితం పట్టీకి కరుచుకుని, గోటితో గీకినా రాలేదు. "తినేది పట్టీనా, కవరా?" అని మా అత్తయ్య అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఫిర్యాదు చేసిన వాళ్లందరికీ డబ్బు వెనక్కి ఇచ్చాం. ఇంకా ఎవరికైనా రాకపోతే ఆర్డర్ నంబర్ పంపండి, చాలు.

కొత్త ప్యాకెట్‌కు లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. చెమ్మనే కాదు, వెలుతురును కూడా ఆపుతుంది. వెలుతురు, గాలి తగిలితే వేయించిన పల్లీల్లోని నూనె పాడై పాత వాసన వస్తుంది. ఒక్కో ప్యాకెట్‌లో ఒకటే ముక్క, 25 గ్రాములు.

ప్యాకెట్ పలచగా కనిపిస్తుంది. తూకంలో కోత పెట్టామనుకోకండి. ట్రయల్ ప్యాకెట్లు కొన్ని కొండలకు వెళ్లే కస్టమర్లకు ఇచ్చాం. మూడు వేల మీటర్ల ఎత్తు నుంచి ఒకావిడ ఫొటో పంపారు, ప్యాకెట్ పూరీలా పొంగి ఉంది! ఆ ఎత్తులో బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే. లోపల మేం వదిలిన గాలి ఉబ్బి సీలు మీద పడింది. ఇప్పుడు గాలంతా నొక్కి తీసేసి సీలు వేస్తున్నాం. చించడానికి అంచున చిన్న గాటు పెట్టించాం, గ్లవ్స్ వేసుకున్నా చించొచ్చు. చించిన మూల విడిపోకుండా ప్యాకెట్‌కే అంటుకుని ఉంటుంది. దారిలో ఎక్కువగా రాలిపోయేవి ఆ చిన్న మూలలేనని చాలామంది చెప్పారు. రంగు కూడా ఆకుపచ్చ వద్దనుకుని నారింజ పెట్టాం. గడ్డిలో జారిపడినా కంటికి కనబడాలిగా.

పట్టీలో మారింది మందం ఒక్కటే. చలిలో పాత పలక రాయితో కొడితే తప్ప విరిగేది కాదు. పాకం మాత్రం అదే ముదురు పాకం. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి, గట్టిపడ్డాక తీసి పళ్లానికేసి కొడితే టంగుమనాలి. ఆ చప్పుడు వినబడేదాకా అత్తయ్య పొయ్యి ఆపనివ్వదు. పలచగా ఒత్తితే త్వరగా చల్లారుతుంది, వేడి మీదే గబగబా గాట్లు పెట్టాలి. అందులో మాకింకా చెయ్యి తిరగలేదు. వంకర ముక్కలొస్తే సర్దుకోండి, తూకం మాత్రం చూసే పంపుతున్నాం.

ప్యాకెట్ మీద "ఎనర్జీ బార్" అని వేస్తే బాగా అమ్ముడవుతుందని డిజైన్ చేసినవాళ్లు గట్టిగా చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఇది పల్లీలు, బెల్లం. లెక్కేస్తే ముక్కకు దాదాపు 120 కేలరీలు, అదే వేశాం. పల్లీ పడనివాళ్ల కోసం హెచ్చరిక వెనక కాకుండా ముందువైపే, పెద్ద అక్షరాల్లో ఉంది.

ఒక లోపం మిగిలింది. రకరకాల పొరలు అతికించిన ఈ కవర్‌ను రీసైకిల్ చేయడం కష్టం. ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన కవర్ తెప్పించి చూస్తున్నాం. ఈసారి వానల్లోనే పరీక్షిస్తాం, తొందరపడం. అప్పటిదాకా ఖాళీ ప్యాకెట్లు దయచేసి బ్యాగులో వేసుకుని కిందికి తెచ్చేయండి.

ఖాకీ కవర్లు ఇంకా రెండు వేలు మిగిలాయి. వాటిని బిల్లులు పెట్టడానికి వాడుతున్నాం. మీ పార్సిల్‌లో ఒకటి కనిపిస్తే కంగారు పడకండి, అందులో పట్టీ ఉండదు.