కొత్తవారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది

సంపాదకుల వారికి,

ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసుకు వెళ్లడం మంచిదా అని మీ పత్రికలో కొన్ని వారాలుగా సాగుతున్న చర్చను చదువుతున్నాను. కొందరు తమ సౌకర్యం గురించి, కొందరు యాజమాన్యాల అనుమానాల గురించి రాశారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవారి గురించి ఒక్కరూ రాయకపోవడం బాధనిపించింది.

నేను 22 ఏళ్లుగా అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. రెండు బస్సులు మారి ఆఫీసుకు చేరడానికి 70 నిమిషాలు, తిరిగి రావడానికి మరో 70 నిమిషాలు. రోజూ వెళ్లినన్నాళ్లూ వారానికి దాదాపు 12 గంటలు దారిలోనే పోయేవి. ఇప్పుడు మూడు రోజులు ఇంటి నుంచే పని. మంచం పట్టిన మా అమ్మకు మధ్యాహ్నం మందు నా చేతులతో వేయగలుగుతున్నాను. ఈ వెసులుబాటును వదులుకోమంటే ఒప్పుకోను. ఇకపై రాసేది ఆ మాట గుర్తుంచుకుని చదవమని కోరుతున్నాను.

నిరుడు మా విభాగంలో ఒక అమ్మాయి చేరింది. చురుకైన మనిషి. ఒక నెలాఖరున బ్యాంకు ఖాతాకూ మా లెక్కల పుస్తకాలకూ 450 రూపాయల తేడా వచ్చింది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని రాత్రి పదకొండు దాకా ఓచర్లన్నీ తిరగేసింది. మరునాడు వీడియో సమావేశంలో చెప్పేదాకా నాకు తెలియదు. "ఇంత చిన్న విషయానికి ఫోన్ చేస్తే బాగుండదేమోనని ఆగాను మేడం" అంది.

450ని 9తో భాగిస్తే శేషం మిగలదు. అలాంటి తేడా వచ్చినప్పుడు, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు చూడాలి. ఆమె 8,160ని 8,610గా ఎక్కించింది. ఈ కిటుకు నేను పుస్తకంలో చదవలేదు. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, నేను నోరు తెరిచి అడగకముందే, పక్క కుర్చీలోని పెద్దాయన నా ముఖం చూసి చెప్పారు. కొత్తలో ఏమి అడగాలో కూడా తెలియదు. ముఖం చూసి పోల్చుకునేవారు దగ్గర ఉండాలి.

ఇంటి నుంచి పనిని సమర్థించేవారు తరచూ చైనా ప్రయాణ సేవల సంస్థ సీట్రిప్‌లో 2010లో మొదలైన ప్రయోగాన్ని ఉదహరిస్తారు. తొమ్మిది నెలల్లో ఇంటి నుంచి పనిచేసినవారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. నిజమే. అయితే ఆ ప్రయోగంలో చేరాలంటే కనీసం ఆరు నెలలుగా ఆ సంస్థలో పనిచేస్తూ ఉండాలి. కొత్తవారు అసలు ఆ లెక్కలోకే రాలేదు. పైగా అది ఎవరి ఫోన్లు వారు మాట్లాడుకునే కాల్ సెంటర్ పని. ప్రయోగం ముగిశాక ఇంట్లో ఉన్నవారిలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. ఒంటరితనం అందుకు ఒక ముఖ్య కారణం.

మా ఆఫీసులో రెండు రోజులు రావాలన్న నియమం ఉంది, ఏ రోజులన్నది ఎవరి ఇష్టం వారిది. ఆ అమ్మాయి సోమవారం, గురువారం వస్తుంది. నేను మంగళవారం, శుక్రవారం వెళతాను. ఖాళీ కుర్చీల వరుసలో ఆమె ఒక్కతే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఇంట్లో ఉన్న మాతో వీడియోలో మాట్లాడుతుంది. అంత దూరం ప్రయాణించి వచ్చినందుకు ఆమెకు దక్కిందేమిటి?

నియమాలు రాసేవారికి నా విన్నపం: ఒక బృందం వారంతా ఒకే రోజుల్లో వచ్చేలా చూడండి. కొత్తవారికి మొదటి ఆరు నెలలు అనుభవజ్ఞుల పక్కనే కుర్చీ ఇవ్వండి. నేర్పడానికి పట్టే సమయాన్ని కూడా పనిగానే లెక్కించి, ఆ మేరకు ఆ అనుభవజ్ఞుల మీద భారం తగ్గించండి. మిగతా రోజులు అందరినీ ఇంటి దగ్గర ప్రశాంతంగా పనిచేసుకోనివ్వండి.

ఈ మాటలే మా మేనేజరుకు రాసి ఇచ్చాను. వచ్చే నెల నుంచి నేనూ సోమవారం, గురువారమే వెళుతున్నాను.

– ఒక సీనియర్ అకౌంటెంట్