హోల్టర్ బిగించిన అక్కకు

గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, మరుక్షణం గొంతులోకి తన్నినట్టు కొట్టుకునేది. పగలంతా బాగానే ఉండేది, పక్క మీద వాలగానే మొదలు. ఈసీజీ తీయిస్తే మాత్రం నార్మల్! ఎకో (గుండె స్కానింగ్) కూడా బాగుంది, ఇవి ఎక్టోపిక్ బీట్లు, అంటే వేళ కాకముందే వచ్చే గుండె దెబ్బలు, ఎందుకైనా మంచిది 24 గంటలూ గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే హోల్టర్ మిషన్ పెడదాం అన్నారు డాక్టరుగారు. విన్నాను గానీ నమ్మకం కుదరలేదు.

విజయవాడలో ఆ మిషన్ బిగించిన అక్కా, మీ పేరు కూడా అడగలేదు. స్టిక్కర్లు అంటిస్తూ నా చేతుల వణుకు చూశారు. రికార్డరు మీది చిన్న తెర నావైపు తిప్పి, నా వేళ్లు నా మణికట్టు మీదే పెట్టించారు.

"అదిగో, తొందరపడి ముందే వచ్చేసింది. అందుకే తర్వాత కాస్త ఆగింది. ఆ ఖాళీలో రక్తం ఎక్కువ నిండి, తర్వాతి దెబ్బ గట్టిగా తగిలింది. అంతే తమ్ముడూ."

బయట అంత క్యూ ఉన్నా, ఇంకొకటి వచ్చేదాకా నాతోపాటే నిలబడ్డారు. వచ్చింది. "ఈసారి నువ్వే పట్టేశావ్!" అని నవ్వారు.

"మంచానికి అతుక్కుపోకు, మెట్లెక్కు. దడ వస్తే టైము రాయి. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ఆలోచించకుండా వచ్చెయ్" అని కాగితం చేతిలో పెట్టారు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ తప్పుతోంది. వచ్చిందా, వచ్చింది అనుకుని పడుకుంటున్నాను. చాలా థాంక్స్ అక్కా.