శీనుకి, మా బడి తోట కబుర్లు

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? హెడ్మాస్టర్ అయ్యావని తెలిసి మా ఇంట్లో అందరం సంబరపడ్డాం. మొన్న "మా బళ్లో కూడా తోట పెడదామనుకుంటున్నా, ఎలా చేశావో చెప్పు" అన్నావు కదా. అది ఫోన్లో తెమిలే కథ కాదు.

ముందు ఒక లెక్క చూడు. మా దగ్గర 52 మంది పిల్లలు. మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లలకి తలా 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి. అంటే రోజుకి 2 కేజీల 600 గ్రాములు, వారానికి 15 కేజీల పైమాటే. మా తోటేమో బోరింగు వెనక నాలుగు మళ్లు. ఎంత కాసినా వారంలో ఒక పూటకి వస్తే గొప్ప. తోట ఉంటే వంటకి కూరగాయల బెంగ తీరిపోతుందని మొదటి ఏడాది నేను అనుకున్నాను. తీరలేదు.

గిన్నె నింపేది రైతేరా. బియ్యం, గుడ్లు, చిక్కీలు సప్లయిలో వచ్చేస్తాయి. కూరగాయలు వంట చేసే అక్కలు కొనుక్కోవాలి. మా అక్కలు వారానికి సరిపడా సంతలో ఒకేసారి తెచ్చేవారు. నాలుగు రోజులయ్యేసరికి వంకాయలు ముడతలు పడిపోయేవి. అదే సమయంలో బడి వెనక గట్టు దాటితే ఒకాయన పాదుల మీద ఆనపకాయలు ముదిరిపోతుండేవి! నాకు కడుపు మండిపోయేది. "మా పిల్లలకి ఇవ్వకూడదా బాబాయ్?" అని అడిగితే, "ఇస్తాను మాస్టారూ, డబ్బులెప్పుడిస్తారు?" అన్నాడు. న్యాయమైన మాటే. సర్కారు నుంచి అక్కలకి రావలసిన బిల్లులు నెలల తరబడి పడని రోజులు చూశాం మనం. అక్కలు సొంత డబ్బు పెట్టి వండుతున్నారు, రైతుని కూడా ఆ టెన్షన్‌లోకి లాగడం పాపం.

తల్లిదండ్రుల కమిటీలో కూర్చుని మాట్లాడాం. ఊళ్లోవాళ్లు ఇచ్చిన కొంత సొమ్ము విడిగా పెట్టాం. శనివారం శనివారం రైతు చేతికి డబ్బు అందుతుంది, బిల్లు పడ్డాక అక్కలు అందులో తిరిగి జమ చేస్తారు. ఇప్పుడు ముగ్గురు రైతులు వంతులేసుకుని ఇస్తున్నారు. పొద్దున్న కోసిన తోటకూర పదకొండింటికల్లా పప్పులో పడుతోంది. బ్రెజిల్లో 2009లో దీనికి చట్టమే చేశారు, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతుల దగ్గర కొనడానికే పెట్టాలని. నువ్వు ముందు ఈ ఏర్పాటు చేసుకో, తోట నెల ఆగి పెట్టినా ఫరవాలేదు.

అలాగని తోట వద్దనను. నాలుగో తరగతి పిల్ల ఒకతి ఆనపకాయ ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెట్టేసేది. కిందటేడు తన మడిలో ఆనప పాదు పెట్టింది. లేత పిందె మీద నూగుంటుంది చూడు, దాన్ని వేలితో నిమిరి "మాస్టారూ, కుక్కపిల్లలా ఉంది" అంది. రోజూ జానతో కొలిచేది. కోసిన రోజు వంటక్క పక్కనే నిలబడి "నా కాయ వేశారా?" అని మూడుసార్లు అడిగింది. ఆ పూట మారు కూర వేయించుకుంది. నాకు కళ్లు చెమర్చాయిరా.

మొక్కలకి పోసే ఎరువు, జీవామృతం కూడా పిల్లలే కలుపుతారు. 200 లీటర్ల నీళ్లకి 10 కేజీల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. మాది 20 లీటర్ల బకెట్టు. ఏది ఎంతో మీరే చెప్పండని ఐదో తరగతికి వదిలేశా. పేడ లెక్క వెంటనే చెప్పేశారు, బెల్లం దగ్గర ఆగి కుస్తీ పట్టారు. 200 గ్రాములని తేలేసరికి నిష్పత్తి పాఠం అయిపోయింది. ఒక మడిలో చోళ్లు కూడా వేశాం. 2023లో బళ్లో రాగిజావ మొదలుపెట్టారు కదా, మన చిన్నప్పటి చోడంబలే అది. తాగే పిల్లల్లో సగం మంది చోడి కంకి ఎప్పుడూ చూడలేదంటే నమ్ముతావా?

వేసవి సెలవులు గుర్తుంచుకో. ఆ ఎండలకి మళ్లు మాడిపోతాయి. అందుకే గోడ వారన మునగ, కరివేపాకు పెట్టు, అవి తట్టుకుంటాయి. చేతులు కడిగే నీళ్లకి చిన్న కాలవ తీయించు. మేకల కోసం కంచె ముందే వేయించు.

ఈ కవర్లో మా బడిలో కాసిన బీర గింజలు పెట్టాను. ముందు రాత్రి నానబెట్టి, పొద్దున్నే పిల్లల చేతే పెట్టించు. మొలకలొచ్చాక ఫోన్ చెయ్.

నీ
రమణ